చర్మాక్షి

రవళి వీపు మీద మొదటిసారి ఆకు వాలినప్పుడు ఆమె దాన్ని దురద అనుకుంది.

"మేడం, ఏదో పాకుతున్నట్టున్నది," అంది భుజాలు కదిలిస్తూ.

"కదలకు బేటా. ఎటు పాకుతోందో చెప్పు," అంది ప్రొఫెసర్ నుస్రత్.

"నడుము కాడ సన్నగ మొదలైంది. నడిమిట్ల జర వెడల్పు. మళ్ళ మెడ కింద సన్నం." రవళి ఆగింది. ఊపిరి బిగబట్టింది. "అంచులకు పండ్లున్నయి మేడం. రంపం లెక్క. కొద్దిగ వంకర తిరిగి ఉన్నది... కొడవలి తీరు."

నుస్రత్ చేతిలో ఉన్నది వేపాకు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, నోటుబుక్కులో ఆ రోజు తేదీ రాసుకుంది.

రామగిరి విశ్వవిద్యాలయంలో నుస్రత్ చాలా ఏళ్ళు కష్టపడి తయారుచేసిన పరికరం అది. రవళి పెట్టుకున్న కళ్ళద్దాల నడుమ చిన్న కెమెరా ఉంది. అది చూసినదంతా ఒంటికి అతుక్కుని ఉండే పలుచని బనియన్‌లోకి చేరుతుంది. ఆ బనియన్ వీపు భాగంలో వేల కొద్దీ మొద్దు సూదులు. వెలుగు ఉన్నచోట సూది నొక్కుతుంది, చీకటి ఉన్నచోట వెనక్కి తగ్గుతుంది. ఎరుపు వెచ్చగా, ఆకుపచ్చ చల్లగా తగులుతుంది. కన్ను చేయవలసిన పని చర్మం చేస్తుంది కనుక నుస్రత్ దానికి చర్మాక్షి అని పేరు పెట్టింది. హాస్టల్ అమ్మాయిలు మాత్రం బనియనే అనేవారు.

దాన్ని ఒక మనిషి మీద వాడి చూడటానికి నుస్రత్‌కు ఎక్కడా నిధులు దొరకలేదు. చివరికి విశ్వవిద్యాలయంలోనే ఒక దారి కనబడింది. పేద విద్యార్థుల చదువుకు కావలసిన కంప్యూటర్లు, యంత్రాలు కొనిపెట్టే సాంకేతిక పరికరాల నిధి ఒకటి ఉండేది. చూపులేని విద్యార్థినికి చదువుకోవడానికి కావలసిన పరికరం అని చెప్పి నుస్రత్ ఆ నిధి నుంచి ఒకే ఒక్క చర్మాక్షికి డబ్బు మంజూరు చేయించుకుంది. షరతు మామూలుదే. పరికరం విశ్వవిద్యాలయం సొత్తు. ఒక విద్యార్థికి ఒక్కసారే ఇస్తారు. చేరిన కోర్సు పూర్తవగానే, లాప్‌టాప్ అప్పగించినట్టే, దీన్నీ అప్పగించాలి. అప్పట్లో ఆ షరతు ఎవరికీ బరువనిపించలేదు.

రవళికి పుట్టుకతోనే చూపు లేదు. కానీ మొక్కలంటే ప్రాణం. వాసన పట్టి, ఆకు నలిపి, బెరడు తడిమి చెట్టు పేరు చెప్పేది. డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతానంటే అడిగిన ప్రతి కాలేజీ వాళ్ళూ నవ్వి, ఆర్ట్స్ తీసుకోమని పంపేశారు. చర్మాక్షి ఉంది కనుకే రామగిరిలో సీటు దొరికింది.

మొదటి నెలల్లో వీపంతా కమిలిపోయింది. గుంపులో నిలబడితే ఒళ్ళంతా చీమలు పారినట్టుండి వాంతి చేసుకునేది. తర్వాత ఒక ఉదయం, గుట్ట మీదికి మొక్కల కోసం వెళ్ళినప్పుడు, ఏ ప్రయత్నమూ లేకుండానే అది జరిగిపోయింది. వీపు మీద ఏదో నొక్కుతోందన్న స్పృహ మాయమైంది. ఎదురుగా కొంత దూరంలో ఒక చెట్టు ఉంది. అంతే. ఉంది.

"మోదుగ," అంది రవళి. "మూడేసి ఆకులు. అగో, దాని వెనుక ఇంకోటి. దాని వెనుక..." ఆమె చేయి చాపి తిరగసాగింది. "మేడం, ఇవి గింతగనం ఉన్నయా? నేను ఒక్కొక్కటి ముట్టుకొని, ఒక్కొక్కటే ఉంటదనుకున్న. ఇవన్నీ ఒక్కసారే ఉంటయా?"

తోటి విద్యార్థులు నవ్వారు. నుస్రత్ నవ్వలేదు. బండ మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

*

ఆ సెలవుల్లో రవళి గోదావరిఖని వచ్చింది. తండ్రి ఓదెలు బొగ్గుబావిలో పని. గని కార్మికుల క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు. తల్లి సమ్మక్క కూతురి రాక కోసం గడపలోనే నిలబడి ఉంది. రవళి మెట్టు కింద ఆగి తల ఎత్తి చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏందే, లోపటికి రా."

"అమ్మా, నీ ముఖం గింత చిన్నగుంటదా?"

"మరి ఎంతుంటదే?"

"నీ గొంతు పెద్దది గద. ముఖం గూడ పెద్దగుంటదనుకున్న."

సమ్మక్క నవ్వబోయి ఏడ్చింది. ఇరవై ఏళ్ళుగా తన ముఖం ఎరగని బిడ్డ తనను చూస్తుంటే ఎటు తిరగాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదామెకు. కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది.

ఓదెలు షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చాడు. రవళి అతని ముఖానికి దగ్గరగా తల వంచింది.

"బాపూ, కాటుక పెట్టుకున్నవా?"

"కాటుక కాదు బిడ్డ, బొగ్గు. కనురెప్పల కాడ ఎంత రుద్దినా పోదు." అని అతను వాడకట్టంతా వినబడేలా నవ్వాడు. ఆ సాయంత్రం ఇరుగుపొరుగు అందరినీ పిలిచి, "మా బిడ్డ చూస్తది. రండ్రి, చూపిచ్చుకోండ్రి," అన్నాడు.

తర్వాతి సెలవులకు వచ్చినప్పుడు ఇంకోలా జరిగింది. చర్మాక్షి చార్జింగ్‌లో ఉంది. రవళి మంచం మీద కూర్చుని ఉంది. సమ్మక్క పంపు దగ్గర నుంచి నీళ్ళ బిందె మోసుకుని లోపలికి వచ్చింది.

"ఎవరు?" అంది రవళి.

సమ్మక్క ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల వీధి మలుపులోనే తన అడుగును గుర్తుపట్టేది. కాళ్ళు నొస్తున్నాయా అని, చెప్పు తెగిందా అని అడిగేది. ఈ ఇంట్లోకి ఎవరొచ్చినా ఎవరని ఆ పిల్ల ఏనాడూ అడిగింది లేదు.

"నేనే బిడ్డ."

"నువ్వా? నాకెట్లనో... వేరే వాళ్ళ లెక్క అనిపిచ్చింది." రవళి తేలిగ్గా అనడానికి చూసింది. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు గోడ కోసం తడుముకున్నాయి. ఆ గోడ ఆమె పుట్టినప్పటి నుంచి అక్కడే ఉంది.

*

ఇంట్లో జరిగింది విని నుస్రత్ ఒక బ్రెయిలీ పుస్తకం రవళి ముందు తెరిచింది. చర్మాక్షి తీసేసి చదవమంది. రవళి వేళ్ళు మొదటి వరుస మీద కదిలాయి, ఆగాయి, మళ్ళీ మొదటికి వచ్చాయి.

"గోధుమలు పోసినట్టున్నది మేడం," అంది. "బుడిపెలున్నయి. అక్షరాలు లేవు."

ఎనిమిదో తరగతిలో జిల్లా బ్రెయిలీ పోటీలో మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల ఆమె.

ఆ వారం నుస్రత్ ఆమెను నగరానికి తీసుకెళ్ళి మెదడు స్కాన్ చేయించింది. తిరిగి వచ్చే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. స్కాన్ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నుస్రత్ నోరు విప్పింది.

"ఈ బస్సులో ఖాళీ సీటు లేదు చూశావా? మెదడూ అంతే. ఇదివరకు నీ వేళ్ళు, నీ చెవులు మంచి సీట్లలో కూర్చున్నాయి. ఇప్పుడు వీపు వచ్చి కర్చీఫ్ వేసింది. వాళ్ళను లేపేసింది."

"బనియన్ తీసేస్తే వాళ్ళు మళ్ళ కూర్చోరా?"

"తెలియదు. చిన్నపిల్లవైతే తొందరగా కూర్చునేవాళ్ళు. ఇప్పుడైతే ఎన్నేళ్ళు పడుతుందో, మొత్తం కుదురుతుందో లేదో... నాకు తెలియదు రవళి. నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. కావాలంటే ఇవాళే ఆపేద్దాం. ఇప్పుడైతే నష్టం తక్కువ."

రవళి కిటికీ వైపు తిరిగింది. బయట పత్తి చేలు పారిపోతున్నాయి. పగిలిన కాయల తెలుపు ఆమె వీపు మీద వాన చినుకుల్లా పడుతోంది.

"వద్దు మేడం," అంది చివరికి. "ఉన్నన్ని దినాలు చూస్త."

నుస్రత్ ఆ మర్నాడే ఫైనాన్స్ ఆఫీసర్ భూపతిరావు గదికి వెళ్ళింది. చదువయ్యాక కూడా పరికరం ఆ పిల్లకే ఉంచాలని అడిగింది. భూపతిరావు చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించి, అంతా విన్నాడు.

"అది విద్యార్థుల నిధి మేడం. విద్యార్థి కానివాళ్ళ దగ్గర పరికరం ఉంటే ఆడిట్‌లో పట్టుకుంటారు. కొత్తది ఇంకోటి చేయించరాదూ?"

"సూదుల రేకు చేసిన విదేశీ కంపెనీ మూతపడింది. ఇక రాదు."

"అయితే ఆ పిల్ల ఈ కోర్సులో విద్యార్థిగా ఉన్నంత కాలమే. అంతకుమించి నా చేతుల్లో లేదు."

నుస్రత్ ఆ మాటను రవళికి ఉన్నదున్నట్టు చెప్పింది.

*

చివరి సంవత్సరం పరీక్షల్లో రవళి అన్ని పేపర్లకూ తెల్లకాగితాలు ఇచ్చి వచ్చింది.

తరగతిలో మొదటి స్థానంలో ఉన్న పిల్ల. అధ్యాపకులు నమ్మలేక మూల్యాంకనంలో తప్పు జరిగిందేమోనని కాగితాలు తెప్పించి చూశారు. వాటి మీద హాల్ టికెట్ నెంబర్ తప్ప ఏమీ లేదు. కబురు తెలిసి ఓదెలు సెలవు పెట్టి రామగిరి వచ్చాడు. హాస్టల్ ముందు కానుగ చెట్టు కింద తండ్రీకూతుళ్ళు కూర్చున్నారు.

"రాయొస్తలేదా? రాయలేదా?" అడిగాడు ఓదెలు.

"రాయలె."

"ఎందుకే? బావిల అందరికి చెప్పిన. మా బిడ్డ సైన్సుల డిగ్రీ పాసైతదని. ఒక్కమాట నాకు చెప్పద్దా?"

"పాసైతే కండ్లు గుంజుకుంటరు బాపూ."

ఓదెలుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూతురి వైపు తిరిగాడు. రవళి అతని ముఖంలోకి చూస్తోంది. పెదవి కింద వణుకు, గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు, కళ్ళలో నిండుతున్న నీళ్ళ మెరుపు, అన్నీ ఆమె వీపుకు తెలుస్తున్నాయి. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బిడ్డ ముందు ముఖం దాచుకోవడం అతని బతుకులో అదే మొదటిసారి.

"అయితే ఫెయిలైతనే ఉండు బిడ్డా," అన్నాడు. "ఎవలేమన్నా నేను చెప్పుకుంట."

అలా ఇంకో సంవత్సరం గడిచింది. రవళి గుట్ట ఎక్కేది. ఎవరికీ లెక్కకు రాని గడ్డిపూలను వెతికి వాటి బొమ్మలు గీసేది. ఆమె గీసిన ఆకుల బొమ్మలను వృక్షశాస్త్ర విభాగం వాళ్ళు అద్దాలు కట్టించి వరండాలో పెట్టారు. అదే ఆమె బతుకులో అన్నిటికన్నా సంతోషమైన ఏడాది అని సమ్మక్క తర్వాత చెప్పేది.

ఆ ఏడాది వేసవికి ముందు ఒక మధ్యాహ్నం, ప్రయోగశాల బయట బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో బ్రెయిలీ పుస్తకం. రవళి దగ్గరికి వస్తుంటే ఆ అమ్మాయి తల ఎత్తకుండానే, "మీరు రవళక్క గదా?" అంది.

"ఎట్ల తెలిసింది?"

"గోడకు దూరంగ, నడిమిట్ల నడుస్తున్నరు. గుడ్డోళ్ళు అట్ల నడవరు. కానీ చూసేటోళ్ళ లెక్క గబగబ గూడ నడుస్తలేరు. అట్ల నడిచేది మీరొక్కరే అని చెప్పిండ్రు."

ఆమె పేరు ప్రసన్న. నిర్మల్ పిల్ల. చర్మాక్షి ఖాళీ అయితే వృక్షశాస్త్రంలో చేరవచ్చని ఆమెకు పోయిన ఏడాదే మాట ఇచ్చారు. ఖాళీ కాలేదు. ఇంటి దగ్గర ఒక ఏడాది ఊరికే కూర్చుంది.

"అక్కా, ఈసారి మీకు పాసైతదా?" అని అడిగింది ప్రసన్న. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే రవళికి చదువు కష్టంగా ఉందనుకుంది. "కష్టమైతే చెప్పండి. నేను చదివి వినిపిస్త. నాకు తీరికే."

రవళి ఆమె వేళ్ళ వంక చూసింది. ఆ వేళ్ళు కాగితం మీద ఆగకుండా, నీటి మీద పురుగుల్లా జారిపోతున్నాయి.

ఆ ఏడాది పరీక్షల్లో రవళి ప్రతి ప్రశ్నకూ జవాబు రాసింది. విశ్వవిద్యాలయంలోనే మొదటి స్థానంలో వచ్చింది.

*

అప్పగింత రోజున ఓదెలు, సమ్మక్క కూడా వచ్చారు. కానీ రవళి వాళ్ళను బస్టాండులోనే ఆగమంది. ప్రయోగశాలలో నుస్రత్, ప్రసన్న మాత్రమే ఉన్నారు.

రవళి ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. తర్వాత నుస్రత్ ముఖం చూసింది. "మేడం, మీరు మస్తు అలిసిపోయిండ్రు," అంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తెర చాటుకు వెళ్ళి బనియన్ విప్పి మడతపెట్టి ఇచ్చింది.

తలుపు వైపు నడవబోయి బల్లకు గుద్దుకుంది. పక్కకు జరిగితే కుర్చీ తగిలి పడిపోయింది. ఆమె పుట్టి పెరిగిన చీకటి కాదది. ఆ చీకటిలో చప్పుళ్ళు దారి చూపేవి, గాలి గుమ్మం ఎక్కడుందో చెప్పేది. ఇప్పుడు ఏదీ ఏమీ చెప్పడం లేదు. నేల మీద కూర్చుండిపోయి, "మేడం, దర్వాజ ఎటు?" అని అడిగింది. నుస్రత్ ముందుకు కదిలేలోపే ప్రసన్న వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"లెవ్వక్కా. నేను తోల్కపోత."

బస్టాండు దాకా ప్రసన్నే నడిపించింది. దారిలో మురికి కాలువ వచ్చినా, ఆటో ఎదురొచ్చినా ముందే పక్కకు లాగింది. రవళి చిన్నపిల్లలా ఆమె భుజం గట్టిగా పట్టుకుని, ప్రతి అడుగుకీ కాలితో నేలను తడుముకుంటూ నడిచింది. బస్టాండులో సమ్మక్క పరుగెత్తుకుని వస్తుంటే, ఎవరో మీద పడుతున్నారని బెదిరి కేక వేసి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆ కేక విని ప్రసన్న అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు ఆమె నుస్రత్ దగ్గరికి వెళ్ళి తనకు చర్మాక్షి వద్దని చెప్పింది.

"చెట్లు చూడాలని నాకు గూడ ఉన్నది మేడం," అంది. "కానీ నిన్న అక్క చెయ్యి పట్టుకున్న. ఆ చెయ్యి ఎంత వణికిందో మీకు తెల్వదు."

ప్రసన్న ఎకనామిక్స్‌లో చేరింది. నుస్రత్ పరుగున భూపతిరావు దగ్గరికి వెళ్ళింది. తీసుకునేవాళ్ళు లేరు కనుక రవళికే తిరిగి ఇచ్చేద్దామని బతిమాలింది. వైస్ ఛాన్సలర్ దాకా వెళ్ళింది. ఒక విద్యార్థికి ఒక్కసారే, అదీ విద్యార్థిగా ఉన్నప్పుడే అన్న జవాబు అన్ని గదుల్లోనూ అదే వినయంతో వచ్చింది. చర్మాక్షిని స్టోరు గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. అర్హులైన విద్యార్థులెవరూ అడగలేదు. నుస్రత్ ఇంకెవరి వీపుకూ దాన్ని అమర్చనని భీష్మించుకుంది.

కొన్నేళ్ళకు విశ్వవిద్యాలయం పాత సామాను తీసేసింది. విరిగిన కుర్చీలు, పాత కంప్యూటర్లు, తుప్పు పట్టిన ఫ్యాన్లతో పాటు చర్మాక్షి కూడా తుక్కు కింద వేలానికి వచ్చింది. విద్యార్థి కాకపోయినా తుక్కు ఎవరైనా కొనవచ్చు. నుస్రత్ కొన్నది. నెలల తరబడి కూర్చుని సూదులన్నీ బాగుచేసింది. బ్యాటరీ మార్చింది. ఒక ఆదివారం దాన్ని సంచిలో పెట్టుకుని గోదావరిఖని బస్సెక్కింది.

రవళి ఇప్పుడు అంధుల పాఠశాలలో పని చేస్తోంది. మొదటి రెండేళ్ళు గదిలోంచి బయటికి రాలేదని సమ్మక్క చెప్పింది. తర్వాత ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళతో పాటే బ్రెయిలీ మళ్ళీ నేర్చుకుంది. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది. వీధి దాటాలంటే ఎవరో ఒకరు తోడు కావాలి.

నుస్రత్ సంచి తెరిచి, చర్మాక్షిని ఆమె ఒళ్ళో పెట్టింది. రవళి దాన్ని ముట్టుకోగానే గుర్తుపట్టింది. అరచేతితో సూదుల మీద నిమిరింది.

"ఇది ఇప్పుడు నీదే. ఎవరూ వెనక్కి అడగరు," అంది నుస్రత్.

"మేడం, ఇది మళ్ళ ఖరాబైతదా?"

నుస్రత్ అబద్ధం చెప్పలేదు. "అవుతుంది. రేకు పాతబడింది. ఎంత కాలం వస్తుందో చెప్పలేను. మళ్ళీ దొరకదు."

ఓదెలు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "పెట్టుకో బిడ్డ. ఒక్కసారి చూడు," అన్నాడు. అతనిప్పుడు బాగా ముసలివాడయ్యాడు.

రవళి చాలాసేపు దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఒకసారి గుండెకు హత్తుకుంది కూడా. తర్వాత మడతలు సరిచేసి నుస్రత్ చేతిలో పెట్టింది.

"ఒక్కసారి చూస్తే ఇడిసిపెట్టలేను మేడం. మళ్ళ మొదటిసంది పోగొట్టుకునుడు నాతోని కాదు. మీరు గింత దూరం అచ్చిండ్రు. అన్నం తినిపొండ్రి."

సమ్మక్క కంచాలు పెట్టింది. పప్పు, పచ్చి పులుసు, నంజుకోవడానికి అప్పడాలు. నలుగురూ నేల మీద కూర్చున్నారు. రవళి మాట్లాడుతూనే ఉంది. బడిలో పిల్లల అల్లరి గురించి, ఒక పిల్లవాడు వాసన చూసి తులసిని గుర్తుపట్టిన సంగతి గురించి చెప్పి నవ్వింది. నుస్రత్ అన్నం కలుపుతూ "ఊ" కొడుతోంది. చప్పుడు లేకుండా ఆమె కన్నీళ్ళు కంచంలో పడుతున్నాయి. రవళికి ఆ సంగతి తెలియదు. సమ్మక్క చూసింది. ఇంకో గరిటె అన్నం నుస్రత్ కంచంలో వడ్డించింది.